రక్తం తీసే ముందు: జన్యు పరీక్షలు సూచించే వైద్యులకు, ల్యాబుల నిర్వాహకులకు బహిరంగ లేఖ

ఏ జబ్బు లక్షణమూ లేనివారికి జన్యు పరీక్షలు సూచిస్తున్న వైద్యులకు, వాటిని చేసి రిపోర్టులిస్తున్న ల్యాబుల నిర్వాహకులకు నమస్కారం.

నేను డాక్టర్ని కాను, జన్యుశాస్త్రం చదువుకున్న మనిషినీ కాను. కొన్నేళ్ల క్రితం ఒక స్నేహితుడు హంటింగ్టన్ వ్యాధి పరీక్ష చేయించుకుందామనుకున్నప్పుడు అతనికి తోడుగా నాలుగుసార్లు ఆసుపత్రికి వెళ్లాను. అక్కడ చూసినవీ, ఆ తర్వాత ఆ విషయం వదిలిపెట్టలేక చదువుకున్నవీ కలిపి ఈ లేఖ రాస్తున్నాను. ఇందులోని శాస్త్ర విషయాలు మీకు కొత్తవి కావు. నేను అడగదలచుకున్నది ఒక్కటే: పరీక్షకు సరేనన్న మనిషికి, మధ్యలో ఎక్కడైనా మనసు మారితే ఆగిపోయే వీలు మీ పద్ధతిలో ఎక్కడ ఉంది?

మీకు తెలిసిందే అయినా, ఈ లేఖ చదివే ఇతరుల కోసం ఆ వ్యాధి గురించి కొంచెం చెబుతాను. నాలుగో క్రోమోజోములోని ఒక జన్యువులో సీ-ఏ-జీ అనే మూడు డీఎన్ఏ అక్షరాల వరుస పదేపదే వస్తుంది. అది 26 సార్లో అంతకు తక్కువో ఉంటే మామూలే. 40 గాని అంతకు మించి గాని ఉంటే, ఆ మనిషి సాధారణ ఆయుర్దాయం బతికిన పక్షంలో వ్యాధి వచ్చి తీరుతుంది. 36 నుంచి 39 వరకు రావచ్చు, రాకపోనూవచ్చు. ఎక్కువమందికి 30 నుంచి 50 ఏళ్ల మధ్య మొదలై, కదలికల మీద అదుపును, ఆలోచనను, స్వభావాన్ని ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా హరిస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం ముప్పు. వ్యాధిని అడ్డుకుంటుందని ఆమోదం పొందిన మందు ఏదీ ఇంతవరకు లేదు. నా స్నేహితుడి తండ్రికి ఆ వ్యాధి ఉంది.

మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడి జెనెటిక్ కౌన్సెలర్ రక్తం ఊసే ఎత్తలేదు. "ఫలితం తెలిసిన మర్నాడు పొద్దున ఏం చేస్తారు?" అని అడిగింది. మావాడు "ఆఫీసుకు వెళ్తాను" అన్నాడు. ఆవిడ ఏమీ రాసుకోలేదు, కాసేపు ఊరుకుని, "ఆఫీసులో ఎవరికి చెప్తారు?" అంది. వాడి దగ్గర జవాబు లేదు. రెండోసారి బీమా గురించి, తోబుట్టువుల గురించి, పిల్లల్ని కనే ఆలోచన గురించి మాట్లాడింది. మూడోసారి గాని రక్తం తీయలేదు. నాలుగోసారి ఫలితం చెప్పే రోజు. గది బయట బెంచీ మీద కూర్చుని, చేతిలోని చీటీని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడతలు పెట్టి, మావాడు "ఈరోజు వద్దురా" అన్నాడు. లోపలికి వెళ్లి ఆవిడతోనూ అదే మాట చెప్పాడు. బల్ల మీద మూసి ఉన్న కవరును ఆవిడ తీసి సొరుగులో పెట్టి, "మంచిది. ఇది ఇక్కడే ఉంటుంది. కావాలనిపించిన రోజు రండి, అనిపించకపోతే రావద్దు" అంది. ఆ ముఖంలో ఆశ్చర్యం గాని, ఇంతదాకా వచ్చి ఇదేమిటన్న విసుగు గాని నాకు కనిపించలేదు.

అది ఆవిడ మంచితనమనుకున్నాను. మంచితనం ఉంది కూడా, కాని దాని వెనక ఒక పద్ధతి ఉందని తర్వాత తెలిసింది. ఆ జన్యువు ఏ క్రోమోజోము మీద ఉందో చెప్పే గుర్తు 1983లో దొరికింది, జన్యువే 1993లో దొరికింది. మరుసటి ఏడాది, 1994లో, రోగుల కుటుంబాల అంతర్జాతీయ సంఘమూ నాడీ వైద్యుల ప్రపంచ సమాఖ్యా కలిసి కూర్చుని పరీక్షకు మార్గదర్శకాలు రాసుకున్నాయి. ముందు కౌన్సెలింగ్ జరగాలి, ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వాలి, తోడుగా ఒకరిని తెచ్చుకోమనాలి, ఫలితం ముఖాముఖిగానే చెప్పాలి, చివరి నిమిషంలో వద్దన్నా ఆ మాటకు విలువివ్వాలి అన్నవి వాటి సారాంశం. ఈ నియమాల రచనలో ఆ జబ్బును ఇంట్లో చూసినవాళ్ల చెయ్యి ఉంది. పరీక్ష ఇంకా రాని రోజుల్లో చేసిన సర్వేల్లో, ముప్పు ఉన్నవారిలో ఎక్కువమంది తప్పక చేయించుకుంటామన్నారు. తీరా వచ్చాక చాలా దేశాల్లో ముందుకొచ్చినవారు నూటికి 5 నుంచి 20 మంది దాకా మాత్రమే. వెనెజువెలాలో మారకైబో సరస్సు ఒడ్డున ఉన్న కుటుంబాల్లో ఏళ్లపాటు తిరిగి ఆ జన్యువును కనిపెట్టడానికి దారి వేసిన నాన్సీ వెక్స్‌లర్ తల్లి అదే వ్యాధితో చనిపోయింది. పరీక్ష రావడానికి అంత చేసిన ఆమె తాను మాత్రం చేయించుకోలేదు. తనకూ వ్యాధి ఉందని 2020లో బయటికి చెప్పింది. వద్దన్నవాళ్లను భయస్థులనో అజ్ఞానులనో అనుకునేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలదా?

ఇక రెండో అనుభవం. ఈమధ్య మా దగ్గరి బంధువు ఒకరు ఏటా చేయించుకునే ఆరోగ్య పరీక్షల ప్యాకేజీకి వెళితే, ఈసారి జన్యు పరీక్ష కూడా కలిపి ఇస్తున్నామన్నారు. అంగీకార పత్రం నేను తర్వాత చదివాను. ఒక పేజీ, చిన్న అక్షరాలు, అడుగున ఒకే ఒక గడి. ఆ గడిలో టిక్కు పెడితే గుండె, క్యాన్సర్, మతిమరుపు, మందులు పడతాయా లేదా అన్నవి అన్నీ ఒప్పుకున్నట్టే. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోనుకు లింకు వచ్చింది. తెరిస్తే, ఏపీఓఈ జన్యువులో ఈ4 రకం రెండు ప్రతులున్నాయనీ, అల్జీమర్స్ ముప్పు ఎక్కువనీ ఎర్రటి అక్షరాల్లో ఉంది. కింద ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే ఒకమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, కాని ఆమె చదివి వినిపించింది మా ఎదురుగా తెర మీద ఉన్న వాక్యాలనే. డాక్టరుతో మాట్లాడటానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో ఆ మనిషి తాళంచెవి ఎక్కడ పెట్టానో మరిచిపోయిన ప్రతిసారీ మొహం పాలిపోవడం నేను చూశాను.

ఈ4 ఉంటే ముప్పు పెరుగుతుందన్నది నిజమే, రెండుంటే బాగా పెరుగుతుందన్నదీ నిజమే. అయితే రెండు ప్రతులున్నా జబ్బు రానివారున్నారు, ఒక్కటీ లేకుండా వచ్చినవారూ ఉన్నారు. ఇది హంటింగ్టన్ వంటి తీర్పు కాదు, మొగ్గు మాత్రమే. ఆ తేడా ఎర్ర అక్షరాల్లో కనిపించదు. డీఎన్ఏ నిర్మాణాన్ని కనిపెట్టినవారిలో ఒకరైన జేమ్స్ వాట్సన్ జన్యుక్రమాన్ని 2007లో పూర్తిగా చదివినప్పుడు, ఆయన అంతా బయటపెట్టమని, ఈ ఒక్క ఏపీఓఈ సంగతి మాత్రం తనకు కూడా చెప్పవద్దన్నారు. అనేక మాటలతో వివాదాల్లో ఇరుక్కున్న ఆ పెద్దమనిషి ఈ విషయంలో మాత్రం తనకేం కావాలో స్పష్టంగా తెలిసినవాడు. తీరా చూస్తే ఆ జన్యువు ఒక్కటి దాచినా పక్కనున్న గుర్తులను బట్టి ఊహించవచ్చని ఇతరులు ఎత్తిచూపడంతో, దాని చుట్టుపక్కల భాగాన్ని కూడా తొలగించాల్సి వచ్చింది. ప్రపంచమంతా ఎరిగిన శాస్త్రవేత్తకు తెలుసుకోకుండా ఉండటానికి ఇంత ఏర్పాటు జరిగింది. మా బంధువుకు ఒక గడి కూడా దొరకలేదు.

మీలో కొందరు దీనికి జవాబుగా రివీల్ అధ్యయనాన్ని చూపిస్తారని నాకు తెలుసు. అల్జీమర్స్ రోగుల పిల్లలకు ఏపీఓఈ ఫలితం చెప్పి, ఏడాదిపాటు గమనించి 2009లో ప్రచురించిన ఆ అధ్యయనంలో, ఫలితం విన్నవారికి విననివారికన్నా ఆందోళన గాని కుంగుబాటు గాని చెప్పుకోదగినంత ఎక్కువ కాలేదు. దాన్ని నేను కాదనను. జనం అనుకున్నంత సుకుమారులు కారని అది నిరూపించింది, అందుకు సంతోషమే. కాని అందులో పాల్గొన్నవారికి ముందూ వెనకా కౌన్సెలింగ్ జరిగింది, అప్పటికే తీవ్రమైన కుంగుబాటుతో ఉన్నవారిని ముందే పక్కన పెట్టారు. ఆ జాగ్రత్తలన్నీ తీసేసి, ఫలితాన్ని మాత్రం అరువు తెచ్చుకుని, లింకు పంపితే ఏమీ కాదనడం సరికాదు. 2014లో వచ్చిన మరో అధ్యయనంలో, ఈ4 ఉందని తెలిసిన వృద్ధులు తమ జ్ఞాపకశక్తి తగ్గిందని చెప్పుకోవడమే కాక, ఈ4 ఉండీ ఆ సంగతి తెలియని వారికన్నా జ్ఞాపకశక్తి పరీక్షలో నిజంగానే వెనకబడ్డారు. జన్యువు ఇద్దరిలోనూ ఒకటే, తేడా తెలియడంలోనే ఉంది. తాళంచెవి కోసం వెతుక్కుంటున్న మా బంధువు నాకు అందుకే గుర్తుకొస్తారు.

నేను పరీక్షలకు వ్యతిరేకిని కాను. ఈ మాట గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే వద్దనే హక్కు గురించి మాట్లాడేవారిని శాస్త్రానికి అడ్డుపడేవారి జాబితాలో వేయడం తేలిక. కుటుంబంలో చిన్న వయసు నుంచే విపరీతమైన కొలెస్ట్రాల్ ఉంటే, జన్యువు చూసి మందు ముందే మొదలుపెట్టడం గుండెపోటు ముప్పును తగ్గిస్తుంది. పెద్దపేగులో వందలకొద్దీ గడ్డలు మొలిపించే ఏపీసీ జన్యులోపం ఉన్న ఇంట్లో బిడ్డకు పదేళ్లు దాటుతుండగానే కొలొనోస్కోపీలు, అంటే పేగులోకి కెమెరా పంపి చూసే పరీక్షలు, మొదలుపెట్టాలి. పరీక్షలో లేదని తేలిన బిడ్డకు ఆ బాధ జీవితాంతం తప్పుతుంది. బీఆర్‌సీఏ1 అనే జన్యువులో హానికర మార్పు ఉన్న స్త్రీకి 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 72 శాతం, అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 44 శాతం అని 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. తెలిస్తే తరచూ పరీక్షించుకోవచ్చు, శస్త్రచికిత్స చేయించుకోవచ్చు. అండాశయాలు తీయించుకోవడం తేలికైన నిర్ణయమని కాదు, కాని నిర్ణయించుకోవడానికి ఏదో ఒకటి ఉంది. ఇలా చేయగలిగింది ఉన్నవీ, ఏమీ లేనివీ, ఉందో లేదో తేలనివీ ఒకే ప్యాకేజీలో, ఒకే గడి కింద కట్టిపెట్టడమే నా ఫిర్యాదు. మూడింటికీ మూడు వేరువేరు సంతకాలు తీసుకోండి. పని పెరుగుతుందని మీరంటారు. పెరగాల్సిన పనే అది.

ఈ పాఠం మీ వృత్తి ఒకసారి నేర్చుకుంది కూడా. 2013లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ జెనెటిక్స్ అండ్ జీనోమిక్స్, వేరే కారణంతో జన్యుక్రమం చదివించుకున్నవారిలో సైతం 56 జన్యువులను తప్పక చూసి, వారు కోరినా కోరకపోయినా ఫలితం చెప్పాలని సిఫారసు చేసింది. విమర్శలు వెల్లువెత్తాయి. 2014లో, వద్దనుకునేవారు ముందే వద్దనవచ్చునని ఆ సంస్థే మార్చుకుంది. యునెస్కో మానవ జన్యువుల ప్రకటన 1997లోనే తెలుసుకోవాలా వద్దా అన్నది ఎవరికి వారే నిర్ణయించుకోవాలని చెప్పింది. అదే ఏడాది ఐరోపా దేశాలు చేసుకున్న ఒవియేడో ఒప్పందం, జబ్బు రాబోతుందేమోనని చూసే పరీక్షలు కౌన్సెలింగ్ లేకుండా చేయకూడదంది.

అన్నిటికన్నా చిక్కైనది కుటుంబం సంగతి. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, ఆమె తల్లి వైపు తాతకు హంటింగ్టన్ ఉంది, తల్లికి ఏ లక్షణమూ లేదు, తెలుసుకోవాలనీ లేదు అనుకోండి. అమ్మాయి ముప్పు నాలుగో వంతు. ఆమె పరీక్షకు వచ్చి ఉందని తేలితే, అది తల్లి నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ వచ్చి ఉండదు. ఆ క్షణాన తల్లి అడగని ప్రశ్నకు జవాబు కూతురి చేతిలో ఉంటుంది. ఇంటికి వెళ్లి అమ్మ ముఖం చూసి మామూలుగా ఉండటం ఎలా? ఒకే పోలిక ఉన్న కవలల్లో ఒకరు చేయించుకున్నా ఇదే. అలాగని కూతుర్ని ఆపడానికి తల్లికి హక్కుందని నేను అనలేను. ఆ అమ్మాయి తన బిడ్డల గురించి ఆలోచిస్తూ ఉండవచ్చు. నాకు తోచింది ఒకటే, ఈ సంభాషణ రక్తం తీయక ముందే, వీలైతే తల్లీకూతుళ్లను కలిపి కూర్చోబెట్టి జరగాలి. ఫలితం వచ్చాక మొదలుపెడితే అందులో సగం అబద్ధమే ఉంటుంది.

దీనికి రెండో వైపూ ఉంది. ఇంగ్లండులో ఒక తండ్రికి హంటింగ్టన్ ఉందని 2009లో తేలింది. కూతురు గర్భవతి, ఆమెకు చెప్పవద్దని ఆయన వైద్యులను కోరాడు, వారు చెప్పలేదు. బిడ్డ పుట్టాక ఆమెకు సంగతి తెలిసింది, తనకూ ఉందని తర్వాత తేలింది. ఆమె కోర్టుకు వెళితే, రోగి రహస్యాన్నీ బంధువుకు జరగబోయే హానినీ వైద్యులు తూకం వేసి చూడాల్సిన బాధ్యత ఉందని హైకోర్టు 2020లో చెప్పింది. అయితే ఆ వైద్యులు ఆ బాధ్యత తప్పలేదని ఆమె దావాను అంగీకరించలేదు. ఈ తూకం ప్రతిసారీ కోర్టు మెట్లెక్కనవసరం లేదు. మీ అంగీకార పత్రంలోనే, "ఫలితం మీ బంధువుల ఆరోగ్యానికి సంబంధించినదైతే ఎవరికి, ఎవరి ద్వారా చెప్పించమంటారు?" అని అడిగి రాయించుకోండి. మనిషి ఏ భయమూ లేని రోజున ఇచ్చే జవాబు చాలావరకు ఉదారంగానే ఉంటుంది.

పిల్లల గురించి చర్చ అక్కర్లేదనుకుంటాను. పెద్దయ్యాకే వచ్చే, ఇప్పుడు చేయగలిగింది లేని జబ్బు కోసం పసివాడి జన్యువులు చూడటాన్ని వాడు పెద్దయ్యేదాకా వాయిదా వేయాలని అమెరికా జన్యువైద్య సంఘాలు 1995లోనే చెప్పాయి. తల్లిదండ్రుల ఆత్రుత ఎంత న్యాయమైనదైనా, వద్దనగలిగే అవకాశం ఆ బిడ్డది. కుటుంబ ప్యాకేజీల పేరుతో దాన్ని అమ్మకండి.

"ప్రాధాన్యం తేలని మార్పు" అని మీ రిపోర్టుల్లో వచ్చే మాట గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మా బంధువు రిపోర్టులో గుండె కండరానికి సంబంధించిన జన్యువు దగ్గర అదీ ఉంది. దాని అర్థం మీకు ఇంకా తెలియదని. చదివేవారికి మాత్రం ఏదో ఉంది, దాస్తున్నారు అన్నట్టు వినిపిస్తుంది. తెలిసిందనుకున్నదీ మారుతుంది. గుండె కండరం మందమయ్యే జబ్బుకు కారణమని చెప్పిన కొన్ని మార్పులు, ఆఫ్రికా మూలాలున్న ఆరోగ్యవంతుల్లో మామూలుగానే ఉన్నాయని 2016లో ఒక అధ్యయనం బయటపెట్టింది. పోల్చి చూసిన పాత సమూహాల్లో అటువంటివారు తగినంతమంది లేకపోవడమే ఆ పొరపాటుకు కారణం. లేని జబ్బు ఉందని విని బతికినవారున్నారన్నమాట. జన్యు డేటాలో ఐరోపా మూలాలున్నవారే ఇప్పటికీ ఎక్కువ, మిగతా ప్రపంచానికి ఈ చిక్కు ఎక్కువగానే తగులుతుంది. అలాంటప్పుడు మూడేళ్లకో అయిదేళ్లకో ఆ మార్పు హానిలేనిదని తేలితే, ఆ కబురు చేరవేసేది ఎవరు? ల్యాబును అడిగితే డాక్టరుదంటారు, డాక్టరును అడిగితే ల్యాబుదంటారు, ఇద్దరూ కలిసి రోగే అడిగి తెలుసుకోవాలంటారు. ఆ బాధ్యత ఎవరిదో రిపోర్టు మొదటి పేజీలో పేరుతో రాయండి. రాయలేకపోతే, ఆరోగ్యవంతుడి రిపోర్టులో ఆ మార్పు సంగతి అసలు ఇవ్వకండి.

బీమా, డేటా సంగతులు వేరే లేఖకు సరిపడేంత ఉన్నాయి. అమెరికాలో 2008 నాటి చట్టం జన్యు వివరాలతో ఆరోగ్య బీమాలోనూ ఉద్యోగంలోనూ వివక్ష చూపకుండా ఆపుతుంది, జీవిత బీమాను మాత్రం ముట్టుకోదు. కెనడా 2017లో ఇంకా విస్తృతమైన చట్టం చేసుకుంది. జన్యు పరీక్షలను నేరుగా జనానికి అమ్మే ట్వెంటీత్రీ అండ్ మీ సంస్థ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు చోరీ అయ్యాయి, 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, జన్యువులు మార్చుకోలేం, పైగా అవి అన్నదమ్ములవీ పిల్లలవీ కూడా. ఫలితం వచ్చాక తమ దేశంలో దేనికి రక్షణ ఉంది, దేనికి లేదు, నమూనాను ఎన్నాళ్లు ఉంచుతారు, చెరిపేయమంటే నిజంగా చెరిపేస్తారా అన్నవి సంతకానికి ముందే చెప్పండి. నా స్నేహితుడికి రెండోసారే చెప్పారు, అందుకే ఇది అసాధ్యమంటే నేను నమ్మను.

చివరగా నా విన్నపం. మీ అంగీకార పత్రాన్ని ఈసారి సవరించేటప్పుడు, ముసాయిదాను న్యాయ సలహాదారుకు పంపే ముందు, వంశంలో జబ్బు ఉన్న రెండు మూడు కుటుంబాలకు చదివి వినిపించండి. 1994లో హంటింగ్టన్ కుటుంబాలతో కలిసి రాసుకున్నట్టే రాయండి. రక్తం తీసిన తర్వాత, ఫలితం తయారైన తర్వాత, ఫలితం తెరిచే ముందు, ఈ మూడు చోట్లా "ఇప్పుడు వద్దు" అనడానికి ఒక గడి పెట్టండి. చేయగలిగింది లేని జబ్బుల ఫలితాన్ని ఆదివారం మధ్యాహ్నం లింకుగా పంపకండి. పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, ఇంకొక్కసారి అడిగి చెప్పండి. మీలో ఎవరైనా ఇప్పటికే ఇలా చేస్తుంటే మీ పత్రాన్ని బహిరంగంగా ఉంచండి, మిగతావారు చూసి రాసుకుంటారు.

ఇట్లు,
ఒకసారి పరీక్షకు తోడుగా వెళ్లిన వ్యక్తి